గాలి గొట్టానికి వాసెన

నా ముక్కు ఇప్పుడు సరిగా పనిచేయదు. పోపు మాడినా పక్కింటివాళ్ళు వచ్చి చెప్పాల్సిందే. డాక్టరుకు చూపించుకోమని మావాళ్ళు పోరుతుంటారు. నేను వెళ్ళను. ముప్పై ఏళ్ళకు పైగా, జనం ముక్కు మూసుకుని మొహం తిప్పుకునే చోట నేను గొంతుకూర్చుని పనిచేశాను. చేయాల్సిన చాకిరీ అంతా ఆ ముక్కు అప్పుడే చేసేసింది. ఇప్పుడు దానికి కాస్త విశ్రాంతి దొరికిందని సరిపెట్టుకుంటున్నాను.

ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరకు వస్తుంటారు. ఏ గొట్టం మన్నుతుంది, ఏ జిగురు గట్టిగా పట్టుకుంటుంది అని అడుగుతారు. ఆ సంగతులు నాకన్నా దుకాణంవాడు బాగా చెబుతాడు. మా కాలంలోని పోత ఇనుప గొట్టాలూ, సీసం అతుకులూ ఇప్పుడెవరికీ అక్కర్లేదు. గాలి మాత్రం మారలేదు. అందుకని గాలి గురించీ, దాని విషయంలో నేను చేసిన ఒక తప్పు గురించీ రాస్తున్నాను. గొప్పలు చెప్పుకునే రాత కాదిది.

వీరాస్వామి మేస్త్రీ

నేను పని నేర్చుకున్నది తెనాలిలో, అరవైల మొదట్లో, వీరాస్వామి మేస్త్రీ దగ్గర. అప్పటిదాకా మరుగుదొడ్డి అంటే పెరటి చివర ఉండేది. తెల్లారేసరికి ఒక మనిషి వచ్చి ఎత్తుకుపోవాల్సిందే. ఆ మనుషులు పడ్డ కష్టం ముందు మాది ఒక కష్టమే కాదు, అది ముందే ఒప్పుకోవాలి. ఆ రోజుల్లోనే సెప్టిక్ ట్యాంకులు మొదలయ్యాయి. డబ్బున్నవాళ్ళు ఒక్కొక్కరే దొడ్డిని ఇంటి లోపలికి తెచ్చుకోసాగారు. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం వంటింటి పక్కన ఇదేం ఖర్మరా అని తలలు పట్టుకునేవాళ్ళు.

వీరాస్వామి మేస్త్రీ చేతిపని చూసి తీరాలి. రెండు గొట్టాలు కలిసే చోట జనపనార కూరి, సీసం కరిగించి పోసి, ఉలితో చుట్టూ కొట్టుకుంటూ వస్తే ఆ అతుకు నుంచి చుక్క కూడా కారేది కాదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ గొట్టాలు ఊడదీస్తున్నప్పుడు కూడా అతుకులు చెక్కుచెదరలేదు. మనిషి చెడ్డవాడు కాదు. అన్నం తినేటప్పుడు పనివాళ్ళందరినీ పక్కన కూర్చోబెట్టుకునేవాడు. కానీ ఎప్పుడూ ఆదరాబాదరా. ఒక పని సగంలో ఉండగానే రెండోది ఒప్పుకునేవాడు.

"నీళ్ళు కారితే ఇంటాయన మన మీదకొస్తాడ్రా. గాలి కారితే ఎవడికి తెలుస్తది?" అనేవాడు.

ఆ మాట విని మేం నవ్వేవాళ్ళం. నేనైతే చాలా ఏళ్ళు నమ్మాను కూడా.

రేపల్లెలో ఒకావిడ చెప్పింది

రేపల్లెలో ఒక బియ్యం వ్యాపారి మేడకు పైన ఒక మరుగుదొడ్డి, కింద ఒకటి పెట్టాం. రెండూ ఒకే నిలువు గొట్టంలోకి కలిపాం. నెల తిరక్కుండా కబురొచ్చింది. వెళ్తే ఆ ఇంటావిడ నన్ను కింది మరుగుదొడ్డి బేసిను దగ్గరకు తీసుకెళ్ళి, "చూడండి మేస్త్రీగారూ, పైన దొడ్లో నీళ్ళ తొట్టి గొలుసు లాగితే ఇది గుటక వేస్తోందండి" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు. పైన ఎవరినో గొలుసు లాగమంది. నిలువు గొట్టంలో నీళ్ళు దూకిన చప్పుడయింది. ఆ వెంటనే కింద బేసినులో నిలిచి ఉన్న నీళ్ళు నిజంగానే గుటుక్కుమని లోపలికి పోయాయి. ఆ తర్వాత కంపు.

అక్కడ కూర్చుని ఆలోచిస్తే విషయం బోధపడింది. బేసిను కింద గొట్టాన్ని ఊరికే వంపు తిప్పరు. ఆ వంపులో కాసిన్ని నీళ్ళు ఎప్పుడూ నిలిచి ఉంటాయి. ట్యాంకులోని చెడ్డ గాలి ఇంట్లోకి రాకుండా ఆ నీళ్ళే తలుపు. పైనుంచి బకెట్టెడు నీళ్ళు ఒక్కసారి దూకితే వాటి వెనకాల గొట్టం ఖాళీ అవుతుంది. ఆ ఖాళీలోకి ఎక్కడినుంచో ఒక చోటినుంచి గాలి రావాలి. పైన దారి లేకపోతే కింది వంపులోని నీళ్ళను లాగేసి, ఆ దారిన వస్తుంది. కిరసనాయిలు డబ్బాకు ఒకే చిల్లు పెట్టి వంచండి. గుబుక్ గుబుక్‌మని ఆగి ఆగి పడుతుంది. రెండో వైపు ఇంకో చిల్లు పెడితే చప్పుడు లేకుండా ధారగా వస్తుంది. మన పనిలో గాలి గొట్టం ఆ రెండో చిల్లు. నిలువు గొట్టాన్ని అలాగే పైకి సాగదీసి, డాబా దాటించి, మనిషి తలకన్నా బాగా ఎత్తున ఆకాశంలోకి వదలాలి. చదువుకున్న ఇంజనీర్లు దీన్ని లెక్కలతో చెబుతారు. నాకు ఆ ఇంటావిడ చెప్పింది.

ఇంత తెలిసి కూడా బాపట్లలో తప్పు చేశాను. తెలియక చేసిన తప్పయితే ఈ కాగితాలు నింపేవాణ్ణి కాదు.

బాపట్లలో నేలమాళిగ

మా వైపు ఇళ్ళకు నేలమాళిగలు ఉండవు. తెనాలిలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు, రేపల్లెలో అంతకన్నా ముందే ఉప్పు నీళ్ళు. బాపట్లది ఇసుక నేల కాబట్టి మూర్తిగారనే వకీలు ముచ్చటపడి, ఎత్తరుగుల ఇంటి కింద సగం నేలలోకి దిగేలా ఒక గది కట్టించుకున్నారు. ఎండాకాలం చల్లగా ఉంటుందని ఆయన ఉద్దేశం. కాగితాల కట్టలు కూడా అందులోనే ఉండేవి.

డెబ్బైల మొదట్లో వాళ్ళ నాన్నగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఇంట్లోకి ఎక్కాలంటే ఏడు మెట్లు. మాళిగలోకి దిగాలంటే మూడే. కట్టలు తీయించి, ఆ గదిలో మాస్టారికి మంచం వేయించి, పక్కనే స్నానానికీ మరుగుదొడ్డికీ చిన్న గది కట్టమని మూర్తిగారు వీరాస్వామి మేస్త్రీని పిలిపించారు. మేస్త్రీ పని నాకు అప్పజెప్పాడు. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు.

నేల మట్టానికి కింద గొట్టం వేసి, వాలు తప్పకుండా ట్యాంకుకు చేర్చడం తలనొప్పి పని. పెరట్లో ట్యాంకు లోతుగా ఉండబట్టి బతికిపోయాం. అయినా వాలు చాలక బేసినును ఒక దిమ్మె మీద కూర్చోబెట్టాను. మాస్టారు ఒంటి చేత్తో పట్టుకోవడానికి గోడకు కమ్మీ బిగించాను. స్నానం చేసే మూల నీళ్ళు పోయే చిల్లుకు జాలీ వేసి, దాని కింద వంపు పెట్టాను. అన్నీ తీసుకెళ్ళి, పైన ఇంట్లో అప్పటికే ఉన్న మరుగుదొడ్డి నుంచి దిగే గొట్టానికి కలిపాను. ఆ గొట్టాన్నే గోడ వెంట పైకి సాగదీసి గాలికి వదలాలి. డాబా దాటాక రెండడుగులు లేచేసరికి తెచ్చిన గొట్టాలు అయిపోయాయి. ఇంకొకటి తెనాలినుంచి రావాలి.

"చాల్లేరా, గాలికి రెండడుగులేంటి, పదడుగులేంటి" అన్నాడు వీరాస్వామి మేస్త్రీ. చీరాలలో ఇంకో పని ఎదురుచూస్తోంది. రెండడుగుల మీదే దాని మూతికి తీగల బుట్ట పెట్టి వచ్చేశాను.

ఆ గొట్టం దేనికో మూర్తిగారికి వివరంగా చెప్పాను. ఆయన తల ఊపారు. ఆయన ఆ డాబా ఎక్కిన రోజు లేదు. ఎక్కేది ఆయన భార్య అన్నపూర్ణమ్మగారు. ఆవిడకు నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

వాసెన

రెండున్నర నెలలకు మూర్తిగారినుంచి ఉత్తరం వచ్చింది. మాళిగలో గుడగుడమని చప్పుడొస్తోంది, వచ్చి చూడమని. కంపు సంగతి ఉత్తరంలో లేదు. పాసింజరు బండెక్కి వెళ్ళాను.

మాళిగ మెట్లు దిగుతుంటే రెండో మెట్టు మీద పళ్ళెం కనబడింది. పైన ఇంకో పళ్ళెం బోర్లించి ఉంది. లోపల్నుంచి మాస్టారు, "ఎవరది? అక్కడే ఆగు నాయనా, దగ్గరికి రాకు. గదిలో వాసన" అన్నారు.

"ఏం వాసనండి?"

"నాదే. ఒళ్ళు సగం చచ్చింది కదా, కుళ్ళుతోందేమో. రోజూ మూడు స్నానాలు చేస్తున్నాను. స్నానం చెయ్యగానే పోతుంది. గంట తిరక్కుండా మళ్ళీ వస్తుంది. ఒంటిది కాకపోతే స్నానంతో ఎందుకు పోతుంది? తిండి తగ్గిస్తే తగ్గుతుందేమోనని రాత్రి భోజనం మానేశాను. పిల్లలు మునుపు ఎక్కాలు చెప్పించుకోడానికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు రావట్లేదు. వాళ్ళని అనడానికి లేదులే."

లెక్కల మాస్టారు కదా, లెక్క సరిగ్గానే కట్టారు. గుమ్మంలో ఉండగానే నా ముక్కుకు తెలిసిపోయింది. అది మనిషి ఒంటి వాసన కాదు, ట్యాంకు గాలి. జాలీ ఎత్తి వేలు పెట్టి చూస్తే కింద వంపు ఎండిపోయి ఉంది. ఆయన స్నానం చేసినప్పుడల్లా వంపు నిండి వాసన ఆగుతోంది. పైన ఎవరో గొలుసు లాగగానే ఆ నీళ్ళు పోయి మళ్ళీ కంపు లేస్తోంది.

డాబా మీదకు పరిగెత్తాను. గొట్టం చుట్టూ చాపల మీద గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. గొట్టం మూతి మీద మట్టి మూకుడు బోర్లించి ఉంది. అంచుల చుట్టూ బంకమట్టి మెత్తి, పైన నాలుగు మడతల పాత పంచె గుడ్డ కప్పి, పురికొసతో మూడు చుట్లు బిగించి ఉంది. ఆవకాయ జాడీకి కట్టినట్టు చక్కగా వాసెన కట్టారు. నా అతుకులకన్నా శుభ్రంగా ఉంది ఆ పని. మడితో పెట్టుకునే వడియాలకు ఆ గాలి తగలడం ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? పదడుగుల ఎత్తున ఉంటే గాలి వడియాలకు తగిలేది కాదు, ఆవిడ చేతికి మూతీ అందేది కాదు.

వాసెన ఊడదీసి మూకుడూ గుడ్డా నా సంచిలో పెట్టుకున్నాను. కింద నీళ్ళు పోసి, పైన గొలుసు లాగించాను. వంపులో నీళ్ళు కదల్లేదు. చప్పుడూ పోయింది.

మూర్తిగారు "ఏమైందయ్యా?" అన్నారు.

"గొట్టంలో అడ్డుపడిందండి, తీసేశాను" అన్నాను.

అన్నపూర్ణమ్మగారితో మాత్రం, "అమ్మగారూ, డాబా మీద గొట్టం మూయకండి, మూస్తే చప్పుడొస్తుంది. నేను మళ్ళీ వచ్చి ఎత్తు పెంచుతాను. అందాకా వడియాలు అవతల పక్కన పెట్టుకోండి" అన్నాను. ఆవిడ సరేనంది.

చప్పుడు అన్నాను. వాసన అనలేదు.

మాస్టారితో, "ఇంక బాగవుతుందండి" అన్నాను. రోగిని ఓదార్చడానికి అందరూ అనే మాట అనుకుని ఆయన నవ్వారు.

ఎందుకు చెప్పలేదంటే చాలా కారణాలు అల్లుకున్నాను. మూర్తిగారి స్నేహితులు ఇద్దరు ముగ్గురు మాతో పని చేయించుకోవాలనుకుంటున్నారు. "మనవైపు తప్పని నోరు జారకు" అని వీరాస్వామి మేస్త్రీ బండెక్కేముందే హెచ్చరించాడు. పైగా అసలు సంగతి చెబితే అన్నపూర్ణమ్మగారి మనసు కష్టపడుతుంది అనుకున్నాను. ఈ చివరిది వినడానికి బాగుంటుంది. నిజానికి నాకు భయం. ఇన్నేళ్ళకు ఇంకో పేరు పెట్టాలని లేదు.

రెండంగుళాలు

ఇంకో రెండు నెలలకు గొట్టాలు తీసుకుని వెళ్ళాను. డాబా మీద గాలి గొట్టాన్ని పదడుగులకు పెంచి, గోడకు కమ్మీలతో బిగించాను. కింద ఒకసారి చూసి పోదామని మాళిగ మెట్లు దిగాను.

గదిలో ఏ వాసనా లేదు. కానీ రెండో మెట్టు మీద పళ్ళెం, పైన పళ్ళెం, అలాగే ఉన్నాయి. స్నానాల గదిలో మూడో స్నానానికి నీళ్ళ బకెట్టు సిద్ధంగా ఉంది. మాస్టారు బాగా చిక్కిపోయారు.

"అక్కడే కూర్చో నాయనా" అన్నారు.

"వాసన లేదు కదండీ ఇప్పుడు."

"కొంచెం తగ్గిందంటున్నారు పైన. కోడలు ఏదో లేపనం తెప్పించింది, దాని గుణం కావచ్చు. నీ ముక్కు మాట నమ్మడానికి లేదులే, అది రాటుదేలిన ముక్కు."

గొట్టం బాగుచేస్తే చాలు, మిగతాది దానంతటదే సర్దుకుంటుందని అనుకున్నాను. కంపు పోయింది గాని, కంపు ఆయనదే అన్న నమ్మకం ఆ ఇంట్లో ఎవరినీ వదల్లేదు, ఆయనతో సహా.

మంచం పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పాను. కిరసనాయిలు డబ్బా సంగతి, పైన గొలుసు, కింద వంపు, పొట్టి గొట్టం, వాసెన. ఆయన మధ్యలో ఆపి ప్రశ్నలు వేశారు.

"స్నానం చేస్తే పోయేది?"

"జాలీ కింద నీళ్ళు నిండేవండి."

"ఎన్ని నీళ్ళు?"

"రెండంగుళాల లోతండి."

ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ రెండంగుళాల దూరంలో పట్టి, "ఇంతేనా?" అన్నారు. ఆ వేళ్ళ మధ్య ఖాళీని చాలాసేపు చూశారు.

"అంతేనండి. తప్పు నాది."

"ఈ మాట పైకెళ్ళి మా కోడలికి చెప్తావా? నేను చెబితే ఆ పిల్లని తప్పుపట్టినట్టుంటుంది."

ఏడు మెట్లెక్కాను. అన్నపూర్ణమ్మగారు మడిచీరలో వంటింటి గుమ్మం దగ్గర ఉన్నారు. వాసెన మాట రాగానే ఆవిడ నన్ను ఆపింది.

"నేను మూసినందుకా?"

"కాదమ్మా. చేతికందేంత పొట్టిగా పెట్టింది నేను. దేనికో మీకు చెప్పనిదీ నేనే."

ఆవిడ, "మరి మొన్నొచ్చినప్పుడు నీకు తెలీదా?" అంది.

"తెలుసండి."

"తెలిసీ చెప్పలేదేంటి బాబూ? ఈ రెండు నెలలూ నేను ఆయనకి..." అని ఆగిపోయి లోపలికి వెళ్ళింది.

వీరాస్వామి మేస్త్రీకి సంగతి తెలిసి నన్ను పనిలోంచి తీసేశాడు. దానికి నాకు చింత లేదు. తర్వాత సొంతంగా చేసుకున్న పనుల్లో ఏ గాలి గొట్టాన్నీ తలకన్నా కిందికి వదల్లేదు. డాబా ఎక్కే ఆడవాళ్ళను పిలిచి చూపించకుండా ఏ ఇంటినుంచీ కదల్లేదు. తప్పు జరిగితే ఆ పూటే చెప్పేవాణ్ణి. తిట్లు చాలానే తిన్నాను. కొత్తవాళ్ళు నన్ను ఏదైనా అడగాలనుకుంటే ఇది అడగండి. సీసం పోయడం ఎవరైనా నేర్పుతారు.

ఆ రోజు నేను సంచి సర్దుకుని పెరట్లోకి వచ్చేసరికి అన్నపూర్ణమ్మగారు పళ్ళెంలో వేడి అన్నం పెట్టుకుని మాళిగ మెట్లు దిగుతోంది. మడిచీరతోనే. మరుగుదొడ్డి ఉన్న గదిలోకి ఆవిడ మడితో దిగడం అదే మొదటిసారి అయి ఉండాలి.

అడుగుల చప్పుడు విని లోపల్నుంచి మాస్టారు, "అక్కడే పెట్టమ్మా" అన్నారు.

అరగంట క్రితమే ఆయనకు అంగుళాలతో సహా చెప్పాను. ఆయన అర్థం చేసుకున్నారు కూడా.

ఆవిడ రెండో మెట్టు దగ్గర ఆగలేదు. తిన్నగా మంచం దగ్గరకు వెళ్ళి అంచున కూర్చుంది. మాస్టారు పనిచేసే ఒక్క చేత్తో మంచం పట్టె పట్టుకుని, ఆవిడకు దూరంగా, గోడవైపు జరిగారు.